ఈసీజీ కాగితం మీద మొదటి వరుస

నా చేతికి మంచి పేరుంది. ఆ పేరే నా కొంప ముంచింది.

బళ్లారి సత్యనారాయణపేటలో ఒక చిన్న ల్యాబులో నేను ఈసీజీలు తీస్తాను. నా గది పేరుకే గది. ఎక్స్‌రే గదికీ మెట్లకూ నడుమ మిగిలిన సందుకు తలుపు పెట్టి, పరదా కట్టి, ఒక మంచం వేశారు. కిటికీ లేదు. పంతొమ్మిదేళ్లుగా పొద్దున ఎనిమిదికి అందులో దూరుతాను, సాయంత్రం అయిదుకు బయట పడతాను. వాన వచ్చిందా లేదా అనేది పేషెంట్ల చీర కుచ్చిళ్లు చూసి చెప్పుకోవాలి.

ఈసీజీకి చేతులకూ కాళ్లకూ క్లిప్పులు పెడతాం, ఛాతీ మీద ఆరు రబ్బరు బుడ్డలు అతికిస్తాం. ఆ ఆరింటికీ రూలుంది. మొదటి రెండు ఛాతీ నడిమి ఎముకకు అటూ ఇటూ, మిగిలినవి ఎడమ రొమ్ము కింద నుంచి చంక దాకా. మగవాడికైతే చొక్కా విప్పప్పా అంటే అయిపోతుంది. ఆడమనిషికి జాకెట్టు హుక్కులన్నీ తీయాలి, రొమ్ము ఎత్తిపట్టి దాని కింద బుడ్డ పెట్టాలి. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక టెక్నీషియను, మగవాడు, ఒక పెద్దామె పైట లాగేసి "బేగ, బేగ" అని తొందరపెడుతూ హుక్కులు పీకాడు. ఆమె గోడ వైపు మొహం తిప్పుకొని ఏడ్చింది. నా చేతి కింద ఏ ఆడమనిషీ అట్లా ఏడవకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

అందుకని ఒక పద్ధతి తయారు చేసుకున్నాను. పై రెండు హుక్కులు మాత్రం తీయిస్తాను. పైట పైటలాగే ఉంటుంది. దాని కింద చెయ్యి దూర్చి ఆరు బుడ్డలూ రొమ్ముకు పైనే వరుసగా అతికించేస్తాను. రెండు నిమిషాల పని. వచ్చినామె "ఎల్లా తెగీబేకేనమ్మా?" అని, అన్నీ తీయాలా అని కన్నడంలో అడుగుతూ భయంగా హుక్కుల మీద చెయ్యి పెట్టుకుంటే, "బేడమ్మా, బేడ. ఎరడే సాకు" అంటాను. వద్దు, రెండే చాలు అన్న ఆ మాటకు ఆమె మొహం తేటపడేది. కౌల్‌బజారు నుంచి బురఖాల వాళ్లు, కెంచనగుడ్డ నుంచి బస్సెక్కి వచ్చే కూలీలు, దారిలో రెండు ల్యాబులు దాటుకొని మా దగ్గరికే వచ్చేవాళ్లు. "ఆ సందులో అక్క జాకెట్టు ఇప్పనీదు" అనేది మా ల్యాబుకు బోర్డు కన్నా పెద్ద బోర్డు. నాకు గర్వంగా ఉండేది. ఎందుకు అబద్ధం చెప్పాలి, చాలా గర్వంగా ఉండేది.

పాత మిషను గీతలు గీసేది, అంతే. ఒక ముసలి డాక్టరు సాయంత్రం వచ్చి వాటిని చదివేవాడు. ఆయనకు నా సంగతి తెలుసు. "నువ్వు బుడ్డలు మిద్దె మీద పెడతావమ్మా, నేనే మిద్దె దిగి సదువుకోవల్ల" అని నవ్వేవాడు. రూలు ప్రకారం పెట్టమని రెండుసార్లు చెప్పాడు. నేను తలూపి నా పని నేను చేసుకున్నాను. తర్వాత ఆయన కంటిచూపు తగ్గి రావడం మానేశాడు. వారానికి రెండు రోజులు వచ్చే కొత్త డాక్టరు వచ్చాడు. రెండేళ్ల కిందట కొత్త మిషనూ వచ్చింది.

అది అన్నం డబ్బా అంత ఉంటుంది. గీతలు గీసి, వాటిని తానే చదివి, కాగితం మీద మొదటి వరుసలో పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో తీర్పు చెబుతుంది. అన్నిటికన్నా కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, డాక్టరు ఇంకా చూసి ఖాయం చేయలేదు అని ఇంకో వరుస ఉంటుంది. మొదటి వరుస అందరూ చదువుతారు. ఆఖరు వరుస చదివినవాళ్లను నేను చూడలేదు. నేనూ పట్టించుకోలేదు.

కొత్త మిషను వచ్చాక మా దగ్గర ఆడవాళ్లకు గుండెజబ్బులు ఎక్కువైనాయి. "గుండె ముందుగోడకు పాత పోటు, ఎప్పటిదో తెలియదు" అనే వరుస వారానికి ఇద్దరు ముగ్గురికి పడేది. నేను రిసెప్షను అమ్మాయితో కాలం చెడిపోయిందని చెప్పేదాన్ని. పాలిష్ బియ్యం, సీరియళ్లు, మనేద. ఇంత తెలివి నాది.

ఇక మా చిన్నమ్మ. అమ్మ పోయాక నన్ను పదో ఏటి నుంచి సాకింది ఆమే. కంప్లి దారిలోని ఎమ్మిగనూరులో ఉంటుంది. నాట్ల గుంపుకు పెద్ద. కాలవకు నీళ్లు వదిలితే ఇరవై మంది ఆడవాళ్లను వెంటేసుకొని పొద్దు పొడవకముందే మడిలో దిగుతుంది. ఆమె నాటిన వరుస తాడు పట్టుకొని చూసినా వంకర దొరకదు. కూర్చోవడం ఆమెకు చేతకాదు. అన్నం కూడా నిలబడి తినే మనిషి. నా పద్ధతి గురించి విని, "ఆడదాని మానం నిలబెడతాండావు పాపా, నీ చెయ్యి సల్లగుండల్ల" అన్నది ఆమే. ఆ మాట నాకు సర్టిఫికెట్టుకన్నా ఎక్కువ.

పోయిన ఏడాది కాలవకు మొదటి నీళ్లు వచ్చే ముందర ఆమెకు ఎడమ భుజం పట్టేసింది. నారుమడి పనికి భుజం పట్టేయకపోతే ఆశ్చర్యం. నేనే పట్టుబట్టాను: "ఒకసారి వచ్చి ఈసీజీ తీయించుకో చిన్నమ్మా." వచ్చింది. నేనే తీశాను, రెండే హుక్కులు. మిషను కిర్రుమని కాగితం వదిలింది. ముందుగోడకు పాత పోటు.

కాగితం పట్టుకొని డాక్టరు గదికి పరుగెత్తాను. కొత్త డాక్టరు మొదటి వరుస చూసి, గుండె స్కానింగ్ చేయించమని రాశాడు. అక్కడ ఎవరు తీస్తారని చిన్నమ్మ అడిగింది. మగ డాక్టరు, జాకెట్టు విప్పాలని చెప్పాను. "అయితే నాకొద్దు పో" అనేసింది. నేనూ గట్టిగా చెప్పలేదు. ఆమెకు ఆ సిగ్గు అలవాటు చేసినదాంట్లో నా చెయ్యి కూడా ఉంది మరి.

చిన్నమ్మ కొడుకు నాకు తమ్ముడే. ట్రాక్టరు నడుపుతాడు, తల్లంటే ప్రాణం. ఆ కాగితాన్ని ఊళ్లో మందులిచ్చే ఆయనకు చూపించాడు. రక్తం పలచబడే మాత్ర, కొవ్వు మాత్ర, పూర్తి విశ్రాంతి అన్నాడాయన. తమ్ముడు ఆ కాగితాన్ని పొలం పత్రాలతో పాటు దాచాలని కంప్లికి పోయి ల్యామినేషను చేయించాడు. ఈసీజీ కాగితం వేడి తగిలితే నల్లబడుతుంది. మొత్తం కాగితం అట్ల పెంకులాగా నల్లగా వచ్చింది. ముందే ఒక జిరాక్సు తీసుకొని ఉన్నాడు కాబట్టి మొదటి వరుస బతికిపోయింది. దాన్ని దేవుడి పటం పక్కన గోడకు అతికించాడు.

ఆ నాట్లకు చిన్నమ్మ పోలేదు. పోనీయలేదు. గుంపు వాళ్లు పొద్దున్నే ఇంటి ముందర నుంచి పోతూ పిలిస్తే తమ్ముడు బయటికొచ్చి, "మా అమ్మకు గుండె బాగలేదు, ఇంగ పిలవద్దండి" అని కసిరాడు. వాళ్లు పిలవడం మానేశారు. చిన్నమ్మ వాకిట్లో అరుగు కట్ట మీద కూర్చుంది. బిందె ఎత్తనీయరు, పొరక పట్టనీయరు. నేను ఫోను చేస్తే, "ఏముందే, గోడకు కొట్టిన మేకు మాదిరి ఉండా" అనేది. నేను "జాగ్రత్త చిన్నమ్మా, మాత్రలు మానొద్దు" అనేదాన్ని.

ఈ జనవరిలో మిషను సర్వీసుకు పోయింది. లోపలి సాఫ్ట్‌వేరు మార్చి పంపారు. పేషెంట్లు రాకముందు ఎవరిమీదనైనా ఒకసారి పెట్టి చూడమని సర్వీసు అతను చెప్పాడు. మామూలుగా వాచ్‌మన్ మీద పెడతాం. ఆ పొద్దు అతను రాలేదు. నేనే తలుపు గడియ పెట్టుకొని, రెండు హుక్కులు తీసి, నా పద్ధతిలోనే బుడ్డలు పెట్టుకొని బటను నొక్కాను.

ముందుగోడకు పాత పోటు, ఎప్పటిదో తెలియదు.

మంచం మీద అట్లాగే కూర్చుండిపోయాను. నాకు నలభై రెండు. పదో తరగతి చదివే కూతురుంది. ఎప్పుడొచ్చింది ఈ పోటు? దాని కాన్పుకా? నాన్న పోయినప్పుడా? కాసేపు ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. రోజూ మెట్లెక్కి దిగేదాన్ని, నాకు పోటేమిటి? సాఫ్ట్‌వేరే చెడగొట్టి పంపాడు వీడు అని సర్వీసు అతనికి ఫోను చేసి దులిపేశాను.

అతను ఓపికగా విన్నాడు. "లీడ్లు, ఆ బుడ్డలు, యాడ పెట్టినారు మేడం? ఒక ఫోటో తీసి పంపండి" అన్నాడు.

"ఫోటోనా? నీకు అక్కాచెల్లెళ్లు లేరేమప్పా?"

అతను గతుక్కుమన్నాడు. "అయ్యో, అట్ల కాదు మేడం. రూలు ప్రకారం కిందికి పెట్టి ఒక తూరి చూడండి. పైన పెడితే మిషనుకు గుండె ముందుగోడ కనపడదు. కనపడనిదాన్ని సచ్చిపోయిన గోడ అనుకుంటాది" అని ఫోను పెట్టేశాడు.

హుక్కులన్నీ తీశాను. పంతొమ్మిదేళ్ల కిందట నేర్చుకున్న చోట్లు వేలితో ఒక్కొక్క ఎముకా తడుముకుంటూ వెతికాను. నాలుగో బుడ్డ రొమ్ము కింద పెట్టాను. బటను నొక్కాను. మొదటి వరుస: మామూలు ఈసీజీ.

మళ్లీ పైన పెట్టాను: పాత పోటు. మళ్లీ కింద: మామూలు. మిషను అబద్ధం చెప్పడం లేదు. నేను చూపించినదాన్నే చదువుతోంది. ముసలి డాక్టరుకు నా సంగతి తెలుసు కాబట్టి మిద్దె దిగి చదువుకున్నాడు. ఈ పెట్టెకు నేనెవరో తెలియదు, నేను రూలు పాటించానని నమ్మింది. తలుపు అవతల పేషెంట్లు తట్టడం మొదలుపెట్టారు. మొదట గుర్తొచ్చింది చిన్నమ్మే.

ఆ రోజు మొదటి పేషెంటును హుక్కులన్నీ తీయమన్నాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, "నీ పేరు సెప్తేనే గదక్కా ఈడికొచ్చింది, అందరిమాదిరే అయితివే" అని చీర సర్దుకొని వెళ్లిపోయింది.

ఆ ఆదివారమే మిషను సంచిలో పెట్టుకొని కంప్లి బస్సెక్కాను. ఎమ్మిగనూరు దగ్గర రెండో పంటకు సగం మడుల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి, సగం మడుల్లో ఆడవాళ్లు వంగి నాటుతున్నారు. బస్సు కిటికీలోంచి వాళ్ల వీపులు చూస్తూ చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. నాదే తప్పు చిన్నమ్మా. మూడు మాటలు. ఎంతసేపు పడుతుంది?

చిన్నమ్మ కట్ట మీదే ఉంది. ఒళ్లు వచ్చింది, మొహం ఉబ్బింది. లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేశాను. హుక్కులన్నీ తీయమన్నాను.

"ఏందే, ముందర రెండే గదా తీయిస్తివి?"

"ఈ తడవ కొంచెం వేరేగా తీస్తా చిన్నమ్మా."

ఆమె గోడ వైపు మొహం తిప్పుకుంది. ఏడవలేదు, నేనే కాబట్టి. కాగితం వచ్చింది. మామూలు ఈసీజీ. తలుపు తీయగానే తమ్ముడు కాగితం లాక్కొని మొదటి వరుస కూడబలుక్కొని చదివాడు. చదివి, నేను నోరు తెరిచేలోపల తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"అమ్మా, మందులు పని చేసినాయి! రెస్టు పని చేసినాది! అక్కా, నువ్వు ఆ పొద్దు సూసింటివి కాబట్టి మా అమ్మ దక్కినాది."

ఇరుగుపొరుగు వచ్చారు. ఎవరో నా చేతిలో బెల్లం ముక్క పెట్టారు. "ఇంగ నాట్లకు పోతా" అని చిన్నమ్మ లేవబోతే తమ్ముడు భుజం పట్టి కూర్చోబెట్టాడు. "రెస్టుతోనే గదమ్మా బాగైంది. ఇప్పుడు పోతే మళ్లా వస్తాది. ఏమక్కా?"

అందరూ నా వైపు చూశారు. అప్పుడు చెప్పాలి. పోటు ఎప్పుడూ లేదప్పా, నా చెయ్యి తప్పు అని. నోట్లో బెల్లం ఉంది. మింగలేక కక్కలేక నిలబడ్డాను. "డాక్టర్ని అడిగి చెప్తా" అన్నాను. సాయంత్రం బస్సుకు పారిపోయి వచ్చాను. ఇంకో మాట లేదు దానికి, పారిపోయాను.

మరుసటి రోజు కొత్త డాక్టరుకు మొత్తం చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన తాను సంతకం పెట్టిన కాగితాలు తిరగేశాడు. "నేనూ గీతలు చూడలేదు కదమ్మా, వరుసే చూశాను" అన్నాడు. అందర్నీ పిలిపించి మళ్లీ తీయమన్నాడు. రిజిస్టరులో ఉన్నవన్నీ మొగుళ్ల నంబర్లు, కొడుకుల నంబర్లు. ఫోనెత్తిన మగవాడికి ఏమని చెప్పాలి? మీ ఇంటామె జాకెట్టు నేను సరిగా విప్పించలేదు, ఇంకోసారి పంపండి అనా? మిషను కొత్తదైంది, ఉచితంగా మళ్లీ తీస్తాం అన్నాను. కొందరు వచ్చారు. కొందరు, మాకు నయమైంది అన్నారు. కొందరు ఫోనే ఎత్తలేదు. వచ్చినవాళ్లలో ఇద్దరికి కింద పెట్టినా పాత పోటే వచ్చింది. వాళ్లది నిజం జబ్బు.

ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఇంత చేసినదాన్ని, చిన్నమ్మకు ఫోను చేయలేకపోయాను. ఆమె నన్ను పిలిచే "పాపా" అనే పిలుపు పోతుందని భయం. ఇంకేమీ లేదు. ఈ పొద్దు కాదు రేపు, ఈ ఆదివారం కాదు వచ్చే ఆదివారం. ఆలస్యం అమృతం విషం అని ఎవరన్నారో గాని, అది నాకోసమే అన్నారు. మూడు ఆదివారాలు పోయినాయి. ఆమె ఫోను చేసి, "డాక్టరు ఏమన్యాడే?" అని అడిగినప్పుడల్లా, "ఊళ్లో లేడు చిన్నమ్మా" అన్నాను.

నాలుగో ఆదివారం బస్సెక్కాను. ఎమ్మిగనూరు చేరేసరికి రోడ్డుకు రెండువైపులా మడులన్నీ పచ్చగా ఉన్నాయి. వంగిన వీపు ఒక్కటీ కనపడలేదు.

కట్ట మీద చిన్నమ్మ, మెట్టు మీద తమ్ముడు ఉన్నారు. కూర్చోమన్నా నేను కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ మింగేస్తానని తెలుసు. నిలబడే చెప్పాను. బుడ్డలు పైన పెట్టింది, మిషను దాన్ని పోటు అనుకున్నది, మందులతో నయమైంది ఏమీ లేదన్నది, మొత్తం చెప్పాను.

తమ్ముడు నా మొహం చూడలేదు. లోపలికి పోయి గోడ మీద జిరాక్సు పీకాడు. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. వాడు తల్లిని కూర్చోబెట్టింది ప్రేమతో. ఆ ప్రేమ చేతికి తాడిచ్చింది నేను.

"అయితే నాకేమీ లే?" అని చిన్నమ్మ అడిగింది.

"ఏమీ లేదు చిన్నమ్మా."

"అప్పుడూ లే?"

"అప్పుడూ లేదు."

ఆమె తన అరచేతులు చూసుకుంది. ఏళ్ల తరబడి బురదకు పగిలి గరుగ్గా ఉండిన చేతులు, నున్నగా, తెల్లగా ఉన్నాయి. నేను తిట్టుకోసం కాచుకొని నిలబడ్డాను. తిడితే బాగుండేది.

"పోయిన తడవ వచ్చినప్పుడే తెలుసా నీకు?"

"తెలుసు."

"ఆ పొద్దు ఇంగా మా గుంపు పైమడుల్లోనే ఉండె" అంది. నాతో అన్నట్టు లేదు. "ఆఖరి మడి మొన్న బేస్తవారం అయిపోయె."

పాపా అనలేదు. తమ్ముడు ముందుకొచ్చి, "రామ్మా, అట్ల కాలవ గట్టు దాకా నడిచొద్దాం, నీ ఇష్టం, యాడికైనా పోదాం" అని చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడు లేస్తుంది అనుకున్నాను. ఆపేవాళ్లు ఎవరూ లేరు కదా.

చిన్నమ్మ లేవలేదు. చెయ్యి మెల్లగా విడిపించుకొని, కాళ్లు కట్ట మీదికి ముడుచుకొని, "కాలవకు మళ్లా నీళ్లు ఎప్పుడు ఇడుస్తారంటరా?" అని వాణ్ణి అడిగింది.